"చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం" .. ఐతే ఏంటట?

ప్రతి ఏడూ దసరా వెళ్ళి దీపావళి దగ్గరపడే వేళకి ఐటీలో ఉన్న ప్రతి అన్నయ్యకీ, బావకీ, బాబాయికీ ఒక రకం మెయిళ్ళు వచ్చి పడుతుంటాయి. అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసే పిల్లల స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు, అదేనండీ, మనందరం పిల్చుకునే ఎస్సోపీలు. "ఒక్కసారి గ్రామర్ చూసిపెట్టండి చాలు" అని కింద ఒక లైను. గ్రామర్‌దేముంది, ఈ రోజుల్లో అది కంప్యూటరే చూసేస్తుంది. అసలు గొడవంతా మొదటి పేరాలో ఉంటుంది. నేను చెప్పదల్చుకున్నది ఆ మొదటి పేరా గురించే.

నా దాకా వచ్చినవాటిలో మొదటి పేరాలు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది బాలకాండ. చిన్నప్పుడు నాన్నగారు కంప్యూటర్ కొనివ్వడం, ఆ డబ్బాని విప్పి లోపల ఏముందో చూడ్డం, ఆ క్షణానే జీవిత ధ్యేయం ఖాయమైపోవడం. రెండోది సూక్తిముక్తావళి. కలాం గారో, ఐన్‌స్టీనో, స్టీవ్ జాబ్సో చెప్పిన (చాలాసార్లు చెప్పని) ఒక మాట. మూడోది సృష్ట్యాది. మానవ నాగరికత పుట్టుకతో మొదలై, నిప్పు, చక్రం, ఆవిరి యంత్రం మీదుగా మూడు వాక్యాల్లో మెషీన్ లెర్నింగ్ దాకా వచ్చేస్తుంది. నాలుగోది భజన. "మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం, ప్రపంచ ప్రసిద్ధి గాంచిన మీ అధ్యాపకులు, అత్యాధునికమైన మీ ల్యాబులు" వగైరా. పది యూనివర్సిటీలకి పది కాపీలు, మధ్యలో ఫైండ్-రీప్లేస్. ఎక్కడో ఒకచోట పాత యూనివర్సిటీ పేరు అలాగే ఉండిపోతుంది. అది మాత్రం ఎవడూ చూసుకోడు.

ఇది మన పిల్లల జాడ్యం మాత్రమే అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో డిగ్రీ అడ్మిషన్ల దరఖాస్తులన్నీ యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా వెళ్తాయి. 2007లో వాళ్ళు 50,000 పర్సనల్ స్టేట్‌మెంట్లని సాఫ్ట్‌వేర్‌తో పోల్చిచూశారు. 234 మంది ఒకే కథ రాశారు: ఎనిమిదో ఏట కెమిస్ట్రీ సెట్‌తో ప్రయోగం చేస్తుంటే పైజమాకి చిల్లు పడిందిట, దాంతో సైన్సు మీద ప్రేమ పుట్టిందిట! ఇంకో 175 మందికి జబ్బుపడ్డ తాతయ్య ప్రేరణ. 370 మందికి మనిషి శరీరం ఎలా పనిచేస్తుందో అన్న కుతూహలం, అదీ దాదాపు ఒకే మాటల్లో. దేశమంతా అన్ని పైజమాలు ఒకే చోట కాలిపోయాయంటే ఎవరు నమ్ముతారు? ఎక్కడో ఒక నమూనాలో పడిన చిల్లు అది, ఇంటింటికీ పాకింది.

మరి మనవాళ్ళకి ఈ అలవాటు ఎక్కడిదీ అని ఆలోచిస్తే, నాకు హైస్కూలు తెలుగు వ్యాసం గుర్తొస్తుంది. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు. మూడు సైడ్ హెడింగులు, స్కేలు పెట్టి అండర్‌లైన్. ఉపోద్ఘాతం అనే మాట కనపడకపోతే మార్కు పోతుందని భయం. అందులో ఏం రాశామన్నది ఎవరికీ పట్టేది కాదు. "నేటి ఆధునిక యుగంలో" అని మొదలుపెడితే వరకట్నానికైనా సరిపోయేది, వాతావరణ కాలుష్యానికైనా సరిపోయేది, దినపత్రికల వల్ల లాభాలకైనా సరిపోయేది. టెంప్లేట్లు రాయడం మనకి సీ ప్లస్ ప్లస్ నేర్పలేదండీ, గైడు నేర్పింది.

జీఆర్ఈ దగ్గరా ఇదే కథ. 2002లో ఆ పరీక్షలో రైటింగ్ భాగం పెట్టారు. 2023 సెప్టెంబరు నుంచి రెండు వ్యాసాలు కాస్తా ఒకటయింది, దానికి అరగంట. టాపిక్కులన్నీ పరీక్ష పెట్టేవాళ్ళే ముందుగా బయటపెడతారు, ఆలోచించుకుని రమ్మని. మనవాళ్ళేమో ఏ టాపిక్కుకైనా అతికే ఇంట్రో ఒకటి బట్టీపట్టి వెళ్తారు.

కొంతమంది దీన్ని మన సంప్రదాయం మీదకి తోస్తారు. మన కావ్యాలన్నీ అవతారికతోనే కదా మొదలయ్యేది, అసలు కథలోకి రావడానికి ఆశ్వాసంలో సగం అయిపోతుంది కదా అని. ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిభర్త వంశవర్ణన, షష్ఠ్యంతాలు.. వరస చూస్తే నిజమే అనిపిస్తుంది. ఐన్‌స్టీన్ కొటేషన్ అంటే పూర్వకవి స్తుతి, "మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం" అంటే కృతిభర్త స్తుతి. కుకవి నింద ఒక్కటే తక్కువ :-)

కానీ అవతారికని కాస్త జాగ్రత్తగా చూడండి. రాజరాజనరేంద్రుడు నన్నయని పిలిచి భారతాన్ని తెలుగు చెయ్యమని అడుగుతాడు. ఆముక్తమాల్యదలో శ్రీకాకుళం (ఉత్తరాంధ్రది కాదు, కృష్ణా జిల్లాది) ఆంధ్రమహావిష్ణువు రాయలకి కలలో కనపడి గోదాదేవి కథ తెలుగులో చెప్పమంటాడు. అంటే ఏంటి? ఈ కథే ఎందుకు, ఈ కవే ఎందుకు, ఈ భాషలోనే ఎందుకు అనే మూడు ప్రశ్నలకి అక్కడే జవాబు దొరుకుతోంది. రాయలవారి అవతారిక ఊడబెరికి ఇంకో కావ్యానికి అతికించండి చూద్దాం, కుదరదు. మన పిల్లల మొదటి పేరాకి లేనిది సరిగ్గా ఆ లక్షణమే. కాబట్టి తప్పు సంప్రదాయానిది కాదు, గైడుది.

నా మటుకు నాకు ఒకటే పరీక్ష. ఆ మొదటి పేరా తీసి, పేరు మార్చి, పక్క బెంచీవాడికి ఇస్తే వాడికి సరిపోతుందా? సరిపోతే అది నీది కాదు. కోడ్‌లో రీయూజబిలిటీ గొప్ప గుణం. మొదటి పేరాలో అది దోషం.

ఇక ఏం రాయాలన్న దానికొస్తే, దీని మీద పనిచేసినవాళ్ళున్నారు. జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త 1981లో 48 పరిశోధన వ్యాసాల ఇంట్రోలు తీసుకుని, ఒక్కో వాక్యం ఏం పని చేస్తోందో చూశాడు. ఆ పనినే 1990లో ఒక పుస్తకంలో మూడు అడుగులుగా కుదించాడు. ఆయన వాడిన పోలిక భూమికి సంబంధించినది కాబట్టి మన భాషలో ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. ముందు చేను చూపించు. తర్వాత అందులో ఎవరూ సాగుచెయ్యని మడి చూపించు. ఆ తర్వాత ఆ మడిలో నువ్వేం వేస్తావో చెప్పు. అంతే. ఏ రంగం, అందులో తేలని ప్రశ్న ఏది, దానికి నువ్వు ఏం చేస్తున్నావు. పరిశోధన వ్యాసం కోసం చెప్పిందే అయినా, ఎస్సోపీకీ, అక్కడికెళ్ళాక రాయాల్సిన టర్మ్ పేపర్‌కీ ఇది చక్కగా పనికొస్తుంది.

మనకి ఇది కొత్త కూడా కాదు. మంచి బగ్ రిపోర్టు ఎలా ఉంటుంది? ఏ మాడ్యూలు, ఏం చేస్తే పగులుతోంది, నేను ఎక్కడిదాకా చూశాను. "సాఫ్ట్‌వేర్ రంగంలో నాణ్యత ఎంతో ముఖ్యం" అని బగ్ రిపోర్టు మొదలుపెట్టినవాణ్ణి మనం టీమ్‌లో ఉండనిస్తామా? ఆఫీసులో మనం ఒక్కరోజు భరించని రాతని, తమ్ముడి ఎస్సోపీలో మాత్రం "బానే ఉందిరా" అనేస్తాం.

ఒక ఉదాహరణ చెప్తాను. మా పిన్ని కొడుకు ఒకడు పంపినది బాలకాండ రకమే. ఫోన్ చేశాను.

"ఫైనలియర్ ప్రాజెక్టు ఏం చేశావురా?"

"తెలుగు ఓసీఆర్ అన్నయ్యా. పెద్దగా ఏం రాలేదులే."

"ఎందుకు రాలేదు?"

"వరసలు విడగొట్టడం దగ్గరే సగం టైమ్ అయిపోయింది. ఇంగ్లీషులో వరసకీ వరసకీ మధ్య తెల్లజాగా ఉంటుంది, అక్కడ అడ్డంగా కోసేస్తే సరి. మనకలా కాదుగా. పై వరసలో ఒత్తులు కిందకి దిగుతాయి, కింది వరసలో గుడులు పైకి లేస్తాయి. రెండూ తగులుకుంటాయి. గీత పెట్టి కోస్తే ఒత్తు తెగి కింది వరసలో పడుతుంది. 'అమ్మ' కాస్తా 'అమ' అయిపోతుంది అన్నయ్యా."

"మరి నువ్వేం చేశావు?"

ఇక ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాడు. ఒత్తుల్ని విడి ముక్కలుగా పట్టుకోవడం, ఏ అక్షరానికి దగ్గరగా ఉంటే దానికి అతికించడం, పాత పుస్తకాల్లో సిరా పాకినచోట రెండు వరసలు అంటుకుపోయి ఇదంతా చతికిలపడటం. ఇంత చెప్పినవాడి ఎస్సోపీలో ఈ ప్రాజెక్టుకి దక్కింది మూడో పేజీలో ఒకటిన్నర లైను! నాన్నగారు కొన్న కంప్యూటరుకి మాత్రం మొదటి పేరా మొత్తం.

తర్వాత వాడే కూర్చుని తిరగరాశాడు. రాసింది ఇంగ్లీషులోనే, దాని సారం ఇదీ:

"తెలుగు అచ్చుపుస్తకాన్ని కంప్యూటర్‌తో చదివించాలంటే ముందు వరసలు విడగొట్టాలి. అడ్డగీతతో కోసే మామూలు పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు, ఎందుకంటే ఒక వరస ఒత్తులూ తర్వాతి వరస గుడులూ ఒకే జాగాలో ఉంటాయి. నా బీటెక్ ప్రాజెక్టులో ఒత్తుల్ని విడిగా గుర్తించి దగ్గరి అక్షరానికి జతచేశాను. శుభ్రమైన పేజీల్లో ఇది పనిచేసింది. సిరా పాకి వరసలు అంటుకున్న పేజీల్లో విఫలమైంది. ఇలాంటి పేజీల నిర్మాణాన్ని మనం నియమాలు రాసి కాకుండా, ఉదాహరణల నుంచి యంత్రమే నేర్చుకునే పద్ధతుల్ని చదవడానికి ఈ కోర్సుకి దరఖాస్తు చేస్తున్నాను."

ఆరు వాక్యాలు. చేను ఉంది, మడి ఉంది, ఏం వేస్తాడో ఉంది. పక్క బెంచీవాడికి ఇస్తే అతకదు. ఇందులో గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు, నిఘంటువు తిరగేసే మాట ఒక్కటీ లేదు. పైగా విఫలమైంది అని తనే చెప్పుకున్నాడు. ఆ ఒక్క వాక్యంతో మిగతా ఐదూ నమ్మాలనిపిస్తాయి.

హాస్కెల్ భాష రూపకర్తల్లో ఒకరైన సైమన్ పేటన్ జోన్స్ పరిశోధన పత్రాలు రాయడం గురించి ఇచ్చే ఉపన్యాసం మనలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఒక మంచి సూత్రం ఉంది. నీ పత్రం సాధించిందేంటో ఇంట్రోలోనే చెప్పు, ఆ చెప్పేది ఎదుటివాడు ఖండించడానికి వీలున్నదై ఉండాలి అంటాడాయన. ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. "నాకు కంప్యూటర్లంటే ప్రాణం" అన్నదాన్ని ఎవరు ఖండించగలరు? కాబట్టే ఎవరూ పట్టించుకోరు. "సిరా పాకని పేజీల్లో ఈ పద్ధతి పనిచేసింది" అన్నది ఖండించొచ్చు. అందుకే చదివేవాడు ఆగి, ఎలా చేశాడబ్బా అని తర్వాతి పేరాలోకి వెళ్తాడు. ఇంట్రో చెయ్యాల్సిన పని అదొక్కటే, చదివేవాణ్ణి రెండో పేరాలోకి తీసుకెళ్ళడం.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఎదురయ్యే వాదనలు మూడున్నాయి.

ఒకటి, "ఇవన్నీ ఎవరు చదువుతారండీ, వాళ్ళు చూసేది స్కోర్లే కదా." 2020 తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ తీసేశాయి, లేదా ఇష్టమైతేనే పంపమన్నాయి. కొన్ని మళ్ళీ పెట్టాయనుకోండి. స్కోరు లేనిచోట మిగిలేది మార్కులూ, సిఫార్సు ఉత్తరాలూ, ఈ వ్యాసమూ. మనవాళ్ళందరి మార్కులూ దగ్గరదగ్గరగా ఉంటాయి. సిఫార్సు ఉత్తరం చాలా కాలేజీల్లో స్టూడెంటే రాసుకొచ్చి సంతకం పెట్టించుకుంటాడని మనకందరికీ తెలుసు. ఇక తేడా చూపించేది ఏంటి?

రెండు, "మన పిల్లలకి ఇంగ్లీషు అంత రాదండీ, అందుకే కన్సల్టెన్సీకి ఇస్తారు." ఇది నేను ఒప్పుకోను. పైన మా వాడికి వచ్చిన ఇంగ్లీషు ఎంతో మీరే ఊహించుకోవచ్చు. అడ్డమొచ్చింది భాష కాదు, తను చేసినది చెప్పుకోదగ్గదే కాదని వాడు అనుకోవడం. ఒత్తు తెగిపోవడం గురించి అమెరికా ప్రొఫెసర్‌కి చెప్పడమేంటి అని సిగ్గు. పెద్ద మాటలే పెద్ద విషయాలనుకునే ఆ సిగ్గు మీదే కన్సల్టెన్సీలు బతుకుతున్నాయి. అక్కడ రాసిచ్చేవాడు ఈ పిల్లాణ్ణి పది నిమిషాలు కూడా చూసి ఉండడు. వాడి దగ్గర ఉన్నది పైజమా చిల్లు ఒక్కటే, అందరికీ అదే తొడుగుతాడు.

మూడోది ఈమధ్య వచ్చింది, "చాట్‌జీపీటీ ఉందిగా." 2022 నవంబరులో అది వచ్చాక నా దాకా వచ్చే ఎస్సోపీల్లో అచ్చుతప్పులు పోయాయి, నిజమే. దాంతోపాటు మనిషి కూడా పోయాడు. అన్నీ నున్నగా ఉంటాయి, చింతపిక్కల్లాగా. ఏది ఎవరిదో చెప్పలేం. అది చెడ్డ పనిముట్టని నేననను, ఎంతవరకు వాడొచ్చో ఆ యూనివర్సిటీ నియమాలు చూసుకుని గ్రామర్‌కి వాడుకోండి. కానీ ఒత్తు ఎక్కడ తెగిందో దానికెలా తెలుస్తుంది? మనం చెప్తేనే కదా. అది చెప్పగలిగినవాడికి మొదటి పేరా అప్పటికే వచ్చేసినట్టు.

అన్నట్టు, ఆ యూకాస్ వాళ్ళు 2026లో చేరే విద్యార్థుల నుంచి ఆ ఒక్క పెద్ద వ్యాసాన్ని తీసేసి మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మొదటి ప్రశ్నే, ఈ కోర్సు నువ్వెందుకు చదవాలనుకుంటున్నావు అని. మూడింటికీ కలిపి 4,000 క్యారెక్టర్లు, స్పేసులతో సహా. పైజమాకీ తాతయ్యకీ అందులో పెద్దగా చోటు లేదు. మంచిదే అయింది.

అక్కడికి వెళ్ళాక కూడా ఇది వెంటాడుతుంది. మొదటి సెమిస్టర్‌లోనే టర్మ్ పేపర్ రాయమంటారు. మనవాడు "క్లౌడ్ కంప్యూటింగ్ నేడు శరవేగంగా విస్తరిస్తోంది" అని మొదలుపెట్టి, అసలు చెప్పదల్చుకున్నది ఆఖరి పేరాలో పెడతాడు, డిటెక్టివ్ నవల్లో హంతకుడి పేరు దాచినట్టు. వాళ్ళు అడిగేది తిరగేసి. నీ ప్రశ్న ఏంటి, నీ జవాబు ఏంటి, ఏ ఆధారాలతో అంటున్నావు, ముందు పేజీలోనే చెప్పెయ్. మిగతా వ్యాసం దాన్ని నిరూపించడానికే. అందుకని ఇంట్రోని ఆఖర్న రాయడమే సుఖం. జవాబు తేలాక కదా ముందు చెప్పగలిగేది! స్క్రీన్ మీద మొదట కనపడేదాన్ని మొదట రాయాలని రూలేం లేదు.

ఇంతకీ నేను ఇంత గొంతు చించుకోవడం ఇంగ్లీషు రాత కోసం కాదండీ. ఈ చదువు కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో మీకు తెలుసు. అంత అప్పు నెత్తిన పెట్టుకుని వెళ్ళేవాణ్ణి "ఎందుకు వెళ్తున్నావు" అని ఎవరైనా ఎప్పుడైనా కూర్చోబెట్టి అడుగుతున్నారా? ఇంట్లో అడగరు, అందరూ వెళ్తున్నారుగా. కాలేజీలో అడగరు. కన్సల్టెన్సీలో అసలే అడగరు, అడిగితే బేరం పోతుంది. వీసా కిటికీ దగ్గర అడుగుతారు, కానీ అప్పటికి ఫీజులు కట్టేసి ఉంటారు, చెప్పడానికి ఉన్నది రెండు నిమిషాలు, నోట్లో ఉన్నది వేరేవాడు రాసిచ్చిన జవాబు. ఈ మొత్తం తతంగంలో ఆ ప్రశ్నకి తీరిగ్గా, నిజాయితీగా జవాబు వెతుక్కునే చోటు ఎస్సోపీ మొదటి పేరా ఒక్కటే. దాన్ని ఇంకొకడికి డబ్బులిచ్చి రాయించుకోవడమంటే, ఆ ఆలోచన కూడా అమ్మేసుకోవడమే. నిజంగా ఆలోచిస్తే కొంతమందికి "నేను వెళ్ళక్కర్లేదు" అని తేలొచ్చు. అదీ మంచి జవాబే, యాభై లక్షలు మిగిలిన జవాబు.

కాబట్టి ఈసారి మీ దాకా ఒకటి వచ్చినప్పుడు కామాలు దిద్ది పంపకండి. మీ పాత ఎస్సోపీ శాంపిల్‌గా అస్సలు పంపకండి, అది ఇప్పటికే పది చేతులు మారి ఉంటుంది. ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడండి. ఏం చేశావు, ఎక్కడ ఆగిపోయావు, దాన్ని తేల్చడానికి ఏం నేర్చుకోవాలి అని మూడు ప్రశ్నలు అడిగి ఊరుకోండి. మధ్యలో మీరు అందుకోవద్దు, మీ ఎమ్మెస్ రోజుల కబుర్లు చెప్పొద్దు. మొదట్లో "ఏం లేదన్నయ్యా" అంటారు. కాసేపు ఆగితే చెప్తారు. చెప్పినప్పుడు "ఇదే రాయరా, ఇదే మొదటి పేరా" అనండి చాలు. ఇంగ్లీషు సంగతి తర్వాత చూసుకోవచ్చు.